పెట్టుబడిదారులు ఏడుగురు

ఐసు పిన్నికి చల్లదనం పేరులోనే ఉంది. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు తాళం తీస్తూ, ఎదురుగోడ మీద ఎవరో కొత్తగా అంటించిన పోస్టరు చదివేసరికి ఆ కోపం కాస్తా నెత్తికెక్కింది.

"సముద్రాన్ని మరిగిస్తున్నది పెట్టుబడిదారులే! బహిరంగ చర్చ. ఆదివారం ఉదయం, గ్రంథాలయం హాలు. అందరూ రండి."

ఇందులో అంత మండిపడాల్సిందేముంది, ఎవరి గోల వాళ్ళది అని మీరూ నేనూ అనుకుంటాం. ఐసు పిన్ని అనుకోలేదు. తల వెనక్కి తిప్పి తన గేటు మీద బోర్డు చూసుకుంది. "మహిళా ఐసు ఫ్యాక్టరీ" అని పెద్దక్షరాలు. వాటి కింద, అంతకంటే పెద్దక్షరాలతో, ఎర్రరంగులో: "పెట్టుబడిదారులు: ఏడుగురు". వీధికి ఆ పక్కన నేరం, ఈ పక్కన నేరస్థుల లెక్క. పాలవాడు సైకిలు ఆపి అటోసారి ఇటోసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అనేసి పోయినా బాగుండేదని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

అక్కడితో అయిందా? పోస్టరు అడుగున ఉపన్యాసకుడి ఫొటో ఒకటి. కళ్ళజోడు, బుగ్గన వేలు, లోకం బరువంతా తన మెడ మీదే పెట్టినట్టు మొహం. సాక్షాత్తూ ఆవిడ అల్లుడు. కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు.

"పిల్లనిచ్చిన పాపానికి గోడెక్కించాడు చూడు నన్ను!" అంది ఐసు పిన్ని, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

పెట్టుబడిదారులన్న మాట మీద ఆవిడకి అంత మమకారం ఎందుకో చెప్పాలి. పాత యజమాని నష్టమొచ్చిందని ఫ్యాక్టరీ మూసేసి ఊరు విడిచి పోయినప్పుడు, ఆ వీధిలో ఆడవాళ్ళు ఏడుగురు కలిసి, ఒంటి మీద ఉన్నదీ పెట్టె అడుగున దాచుకున్నదీ పోగేసి దాన్ని కొన్నారు. సంతకాలు పెట్టిన రోజు బ్యాంకు మేనేజరు లేచి నిలబడి, "ఇవాళ్టి నుంచి మీరు పెట్టుబడిదారులండీ" అన్నాడు. అప్పటిదాకా వాళ్ళు ఎవరో ఒకరి భార్యలు, ఎవరో ఒకరి అమ్మలు. ఐసు పిన్నికి మొగుడు పోయాక అదీ సగం పోయింది. ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. అదే రోజు సాయంత్రం పెయింటర్ని పిలిపించి, వాటాదారులని రాస్తే చాలని అతను ఎంత చెప్పినా వినకుండా, ఆ మాటే రాయించింది.

ఇప్పుడదే మాట ఎదురుగోడ మీద తిట్టయి కూర్చుంది.

కోపంలో భయం కూడా కలిసింది, అబద్ధమెందుకు. ఐసు చేసే మిషను వేడెక్కిపోకుండా ఫ్యాక్టరీ వాళ్ళు ఒక గొట్టంతో సముద్రం నీళ్ళు తోడి దాని చుట్టూ తిప్పుతారు. ఆ నీళ్ళు మిషను వేడి లాక్కుని, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ సముద్రంలో పడతాయి. చలికాలం వీధిలో ముసలాళ్ళు ఆ గొట్టం దగ్గర కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు, అంత హాయిగా ఉంటాయి ఆ నీళ్ళు. రెండేళ్ళుగా తోడే నీళ్ళే వేడిగా వస్తున్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి మిషను చల్లబడక తనంతట తానే టక్కున ఆగిపోతోంది. మెకానిక్కుని పిలిస్తే, "మిషన్లో ఏం లేదు పిన్నీ. వేడంతా సముద్రంలో ఉంది" అని టీ తాగి పోయాడు. ఇప్పుడు పోస్టరు చదివాక ఆవిడకి ఆ మాట గుర్తొచ్చింది. సముద్రంలోకి వేడి నీళ్ళు పోస్తున్నది ఎవరు? మేమే కదా! ఎన్నేళ్ళ నుంచి పోస్తున్నాం!

పది గంటలకల్లా ఆ ఏడుగురిలో ఇస్త్రీ వదినా, వద్దమ్మా వచ్చేశారు. ఇస్త్రీ వదినది వీధి చివర ఇస్త్రీ దుకాణం. వద్దమ్మ అసలు పేరేమిటో అందరూ మర్చిపోయారు. ఏది చెప్పినా ముందు వద్దంటుంది, ఆ తర్వాత విషయమేంటని అడుగుతుంది.

"చదివావా?" అంది ఇస్త్రీ వదిన.

"నాకు కళ్ళు లేవా?"

"మనకెందుకొచ్చిన గొడవ చెప్పు. ఆ కోల్డ్‌స్టోరేజి కంపెనీ వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. అమ్మేసి చేతులు దులుపుకుంటే పోలా?"

"నాకీ పాపం వద్దు. నా వాటా నాకిచ్చెయ్" అంది వద్దమ్మ.

ఆ ఇద్దరూ తప్పుకుంటే మిగతా ఐదుగురి వల్లా ఫ్యాక్టరీ మోయడం కాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. సోమవారం అందరూ కూర్చుని తేల్చుకుందామన్నారు. వాళ్ళు వెళ్ళాక ఐసు పిన్ని మిషను గదిలో, సుద్దముక్కతో తను నేల మీద గీసుకున్న నాలుగు పలకల గీత పక్కన చాలాసేపు నిలబడింది. రెండో మిషను అక్కడ పెట్టాలని ఆవిడ కల. ఇప్పుడు రెండోది దేవుడెరుగు, ఉన్నదే చెయ్యి జారిపోయేలా ఉంది. ఇది పోతే ఉదయం లేచి ఎక్కడికి వెళ్ళాలో కూడా తనకి తెలీదని అర్థమై, ఆవిడకి ఏడుపొచ్చింది.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు గనక, నేరుగా కూతురి దగ్గరికి బయల్దేరింది.

కూతురు పళ్ళ డాక్టరు. క్లినిక్కు తలుపు తోసేసరికి లోపల కుర్చీలో, లైటు కింద, నోరు బార్లా తెరిచి పడుకున్నది ఎవరనుకున్నారు? అల్లుడు! ఆదివారం ఉపన్యాసం పెట్టుకుని శుక్రవారం పన్ను పోటు తెచ్చుకున్నాడు. రెండు బుగ్గల్లోనూ దూది, సగం దవడకి మత్తు.

అల్లుడితో ఆవిడ సూటిగా మాట్లాడిన పాపాన పోలేదు. పెళ్ళైన కొత్తలో ఇద్దరికీ మొదలైన మొహమాటం అలాగే గడ్డకట్టుకుపోయింది. ఒకే గదిలో ఉన్నా మధ్యలో కూతురు ఉండాల్సిందే.

"మీ ఆయన్ని అడుగు, నేనేం ద్రోహం చేశానని?" అంది గుమ్మంలోంచే.

"అమ్మా, నా చేతిలో సూది ఉంది. కాస్త ఆగుతావా?"

"ఆగను. ఒక్కటే మాట. సముద్రం వేడెక్కుతోంది మా వల్లేనా అని అడుగు. మా ఏడుగురి వల్లేనా?"

అల్లుడి కళ్ళు కళ్ళజోడులోంచి పైకి చూశాయి. పాపం, పెద్దమనిషి, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండలేడు. దూది అడ్డం పడుతున్నా ఏదో అన్నాడు. "ఈ... ఊ... ఊ... ఆ..."

"ఏంటంట?"

కూతురికి ఇంకా బయట నలుగురు వెయిటింగులో ఉన్నారు. "మీరు కాదు అంటున్నారమ్మా" అంది.

అల్లుడు చెయ్యెత్తి గాల్లో గట్టిగా ఆడించాడు.

"చెయ్యి దించండి, సూది గుచ్చుకుంటుంది" అని కూతురు ఇంకో దూది ఉండ కుక్కింది. దాంతో ఆయన వాదన పూర్తిగా ముగిసింది.

"ఆ మాటే ఆదివారం మైకులో చెప్పమను. నేను అందర్నీ తీసుకొస్తాను" అంది ఐసు పిన్ని. గుండెల మీంచి బండ దించినట్టయింది. అల్లుడు మరీ అంత చెడ్డవాడేం కాదని, మనిషి కాస్త పుస్తకాల పురుగంతేనని దారంతా అనుకుంటూ ఇంటికొచ్చింది. అదే నోటితో ఆరుగురికీ చెప్పింది. మనం కాదట, అల్లుడే అన్నాడు, కావాలంటే వచ్చి మీ చెవులతో మీరే వినండి అంది.

ఆదివారం గ్రంథాలయం హాల్లో మొదటి వరస మొత్తం పెట్టుబడిదారులే. ఇస్త్రీ మడత నలక్కుండా కూర్చున్నారు ఏడుగురూ. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావట్లేదు. వేదిక మీద ఒక పక్క అల్లుడు, దవడ ఇంకా కొంచెం వాచి ఉంది. రెండో పక్క టైర్ల షాపు యజమాని, వర్తక సంఘం కార్యదర్శి. భారీ మనిషి, నవ్వితే కుర్చీ కూడా నవ్వుతుంది.

అల్లుడు మొదలుపెట్టాడు. భూమ్మీద మనుషులు పెంచిన వేడిలో పదింట తొమ్మిది వంతులు సముద్రమే మింగుతోందన్నాడు. మన పొగకి బిల్లు సముద్రం కడుతోంది, లాభం మాత్రం ఇంకెవరి జేబులోకో పోతోందన్నాడు. టైర్ల షాపాయన లేచి, లాభం ఆశే లేకపోతే తలమీద ఈ ఫ్యాను ఎవడు చేసేవాడు, చేతిలో ఈ మైకు ఎవడు చేసేవాడు, రేపు పొగ రాని యంత్రాలు చేసేదీ మేమే అన్నాడు. చెరోసారీ సగం హాలు చప్పట్లు కొట్టింది. వద్దమ్మ రెండుసార్లూ కొట్టింది.

ప్రశ్నలు అడగొచ్చని అనగానే ఐసు పిన్ని లేచింది. మైకు చేతికిచ్చారు. చూస్తే మధ్యలో కూతురు లేదు, క్లినిక్కులో ఉంది. ఇక తప్పదు.

"అల్లుడుగారూ" అంది. హాలంతా ఆవిడ గొంతే మోగేసరికి ఆవిడే ఉలిక్కిపడింది. "మేం ఏడుగురం పెట్టుబడిదారులం. మా గొట్టం నీళ్ళు వేడిగా సముద్రంలో పడతాయి. సముద్రాన్ని మరిగిస్తున్నది మేం కాదని మీరు శుక్రవారం అన్నారు. ఆ మాట ఇక్కడ అనండి."

హాల్లో నవ్వులు. అల్లుడు మాత్రం నవ్వలేదు. మొహం కందగడ్డలా అయింది.

"అత్తయ్యగారూ... నేను 'మీరు కాదు' అనలేదండీ. 'మీరు కూడా' అన్నాను."

ఐసు పిన్ని ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. కాదు, కూడా. ఒక్క దూది ఉండ ఎంత పని చేసింది! వెనక నుంచి నవ్వులు రెట్టింపయ్యాయి. ఇస్త్రీ వదిన తన పక్కనున్న, ఏడుగురిలో ఒకావిడైన టైలరు చెవి కొరుకుతోంది.

"మీ గొట్టం వల్ల సముద్రం వేడెక్కదండీ, అది ఏ మూలకీ రాదు" అన్నాడు అల్లుడు గబగబా. "కానీ మీ మిషను నడిపే కరెంటు బొగ్గు కాల్చితే వచ్చిందే. నా బండీ అంతే, ఈ హాలూ అంతే. పెట్టుబడిదారులంటే నేను చెడ్డవాళ్ళనే అర్థంలో వాడలేదు. నిన్నటికంటే రేపు ఎక్కువ చెయ్యకపోతే నిలబడలేని ఏర్పాటు ఒకటుంది, దాన్నంటున్నాను. మీరే చెప్పండి, రెండో మిషను ఎందుకు పెడదామనుకున్నారు?"

"పడవలకి ఐసు ఎక్కువ కావాలి గనక."

"ఎందుకు ఎక్కువ?"

"చేప దూరం పోయింది. మా తమ్ముడి పడవ ఇదివరకు వెళ్ళేదానికి రెట్టింపు దూరం వెళ్తోంది. రోజూ నా ప్రాణం తీస్తున్నాడు ఐసు, ఐసు అని."

"చేప ఎందుకు పోయిందండీ?"

"ఇక్కడ నీళ్ళు వేడెక్కి..." అని ఆగిపోయింది ఐసు పిన్ని. తన నోటితోనే తను తిరిగి మొదటికొచ్చింది. అవమానంగా లేదు, విచిత్రంగా ఉంది. ఇన్నేళ్ళు రోజూ చేసిన పనిని ఎవరో అద్దంలో చూపించినట్టుంది.

టైర్ల షాపాయన ఊరుకుంటాడా? "అమ్మా, భయపడకండి, మీరు మావాళ్ళు!" అని లేచాడు. "ఇప్పుడు సగం కరెంటుతో నడిచే మిషన్లొచ్చాయి. రెండోది శుభ్రంగా పెట్టుకోండి."

"మిగిలిన సగం కరెంటుతో మూడోది పెట్టమంటారు" అన్నాడు అల్లుడు.

"పెడితే తప్పేంటయ్యా? నలుగురికి పని దొరుకుతుంది!"

మళ్ళీ చప్పట్లు. అప్పుడు లేచింది వద్దమ్మ. ఐసు పిన్ని చేతిలో మైకు లాక్కుని, దాన్ని నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా పట్టుకుని, "అయ్యా, టైర్ల బాబూ, మీ దాంట్లో చాలు అనడం ఉంటుందా?" అంది.

"చాలా?"

"చాలు. ఇంతకంటే వద్దు అని."

ఆయన గట్టిగా నవ్వాడు. "నేను చాలన్నాననుకోండమ్మా, తెల్లారేసరికి ఎదురు షాపువాడు నన్ను మింగేస్తాడు!"

హాలంతా విరగబడి నవ్వింది. ఆయనా నవ్వాడు, తర్వాత జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నవ్వుతారేంటండీ, నిజమే చెప్పాను. ఇంకో షాపు తెరవాలని నాకు మాత్రం సరదానా? నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో" అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అల్లుడు కూడా కాగితాలు సర్దుకుంటూ తల దించుకున్నాడు. గెలిచినవాడి మొహంలా లేదు అది.

"అయితే నేను అమ్మను" అంది వద్దమ్మ. చర్చకి సంబంధం లేకుండా, మైకులోనే, తన వాళ్ళ వైపు తిరిగి. "మనం ఏడుగురం కూర్చుంటే వద్దు అనడానికి కనీసం నేనొకదాన్ని ఉన్నాను. ఆ కంపెనీలో అనేవాళ్ళు ఎవరున్నారు? నా వాటా ఉండనీ. కానీ రెండో మిషను మాత్రం వద్దు."

ఆరు జతల కళ్ళూ ఐసు పిన్ని మీద. ఆ సుద్ద గీత కోసం ఆవిడ ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకుందో వాళ్ళందరికీ తెలుసు. ఇస్త్రీ వదిన కూడా మెల్లిగా, "రెండోది లేకపోతే నేనూ ఉంటాను" అంది.

ఫ్యాక్టరీ మిగిలింది, కల పోయింది. రెండూ ఒక్క నిమిషంలోనే. "సరే" అంది ఐసు పిన్ని. "చాలు."

ఆ మాటకి హాల్లో వాళ్ళు ఎందుకో లేచి మరీ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో టైర్ల షాపాయన కూడా ఉన్నాడు.

బయట ఆవరణలో టీ ఇస్తున్నారు. అల్లుడు కప్పు పట్టుకుని తటపటాయిస్తూ దగ్గరికొచ్చాడు. చుట్టూ చూశాడు, మధ్యలో పెట్టుకోవడానికి మనిషి దొరకలేదు.

"మీకు కోపం వచ్చిందేమో అత్తయ్యగారూ..."

"వచ్చింది. ఇంకెప్పుడూ నోట్లో దూది పెట్టుకుని నాకు జవాబు చెప్పకండి" అంది ఐసు పిన్ని, తన చేతిలో బిస్కెట్టు ఆయన సాసరులో పెట్టి. పన్ను నెప్పి వల్ల ఆయన దాన్ని టీలో ముంచుకుని తిన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం చూసి వద్దమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

ఆ రోజంతా ఐసు పిన్ని గాల్లో తేలింది. ఇంటికెళ్ళే దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి, బాగా అన్నారు పిన్నీ, చాలు అన్నారు చూడండి, అది బాగుంది అన్నారు. చాలు అనడం ఇంత తేలికా అనుకుంది.

మర్నాడు పొద్దున్న తమ్ముడొచ్చాడు.

నవ్వుతూనే వచ్చాడు, ఎప్పటిలాగే. అక్క నెత్తి మీద వేలితో ఒకటి కొట్టాడు. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు వాడికి. "అక్కా, ఈసారి ఇంకా లోపలికి పోవాలి. రెట్టింపు కావాలి" అన్నాడు.

"ఉన్నది ఇంతేరా. మిగతా పడవలకీ ఇవ్వాలిగా."

"రెండో మిషను ఎప్పుడు పెడుతున్నావు మరి?"

"పెట్టట్లేదు."

"జోకులొద్దక్కా."

"జోకు కాదు. మేం ఏడుగురం అనుకున్నాం. ఇంత చాలని."

వాడి మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. "విన్నాను నిన్నటి సంగతి. అందరూ చప్పట్లు కొట్టారట. కొట్టినవాళ్ళెవరికీ పడవ లేదక్కా" అన్నాడు. "నీకు చాలు సరే. నాకెలా చాలుతుంది? చేప అక్కడుంది. నేను ఇక్కడ కూర్చుని ఏం చెయ్యను?"

దీనికి జవాబు అల్లుడి దగ్గరా ఉండదని ఐసు పిన్నికి అప్పుడే తోచింది. "నీ వంతు తీసుకెళ్ళు. దగ్గర్లోనే చూసుకుని వచ్చెయ్" అంది.

"దగ్గర్లో నీళ్ళు తప్ప ఏం లేవు." వాడికి కోపం రాలేదు, అదే బాధ. తన వంతు కూడా తీసుకోకుండా, "కోల్డ్‌స్టోరేజి కంపెనీని అడుగుతాలే" అని వెళ్ళిపోయాడు.

గేటు దగ్గరున్న వద్దమ్మ అంతా వింది. ఈసారి ఏదీ వద్దనలేదు. ఐసు పిన్ని మధ్యాహ్నం దాకా దిమ్మలు తీయించింది, చెక్కు రాసింది, ఎవరినో తిట్టింది. అన్నీ చేసింది గానీ మనసు మనసులో లేదు. మూడయ్యేసరికి ఉండబట్టలేక రేవుకి నడిచింది.

కంపెనీ లారీ రేవులో ఆగి ఉంది. పెద్ద గొట్టం ఒకటి తమ్ముడి పడవ కడుపులోకి పెట్టి ఐసు పొడి ధారగా పోస్తున్నారు. తెల్లగా, మెరుస్తూ, ఎంత కావాలంటే అంత. ఎంత దూరం వెళ్తావని లారీవాడు అడగలేదు. అడగాల్సిన పని అతనిది కాదు. పడవ ఆ బరువుకి నీళ్ళలోకి ఎన్నడూ లేనంత కిందికి దిగింది.

ఇన్నేళ్ళూ తను తమ్ముడికి అమ్మింది ఐసు ఒక్కటే కాదని అప్పుడర్థమైంది ఐసు పిన్నికి. అక్క ఐసు ఎంత ఉంటే వాడు అంత దూరమే. అది కరిగేలోపు చేప పడ్డా పడకపోయినా వెనక్కి తిరిగి రావాల్సిందే. అలా వాడెప్పుడూ ఆవిడ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే తిరిగాడు.

"ఒరేయ్!" అని కేకేసింది.

తాళ్ళు విప్పుతున్న తమ్ముడు తలెత్తి, అక్కని చూసి చెయ్యూపాడు. ఇంజను చప్పుడులో ఆవిడ రెండోసారి ఇంకా గట్టిగా అరవాల్సొచ్చింది.

"ఎప్పుడొస్తావురా?"

వాడు వంగి పడవ కడుపులోకి చూసి, మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు.

"తెలీదక్కా. ఐసు చాలా ఉంది."